అక్షరాభ్యాసం అయిన తెల్లారి

బాసరలో పలక పట్టించడం ఒక్క పూట పని. ఆ పలక మీద బిడ్డ తన మాట తాను రాసుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఇల్లు ఏం చెయ్యాలి, బడి ఏం చెయ్యాలి?

వసంత పంచమి నాడు బాసర సరస్వతి గుడిలో తెల్లవారకముందే వరుసలు మొదలవుతాయి. కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్, నిజామాబాద్ నుంచే కాదు, మహారాష్ట్ర వైపు నాందేడ్ నుంచి కూడా పిల్లల్ని చంకనెత్తుకుని వస్తారు. కొత్త బట్టలు, కొత్త పలక, కొత్త బలపం. మండపంలో తండ్రి ఒడిలో బిడ్డ. ముందు పళ్లెంలో పరిచిన బియ్యం. పూజారి మంత్రం చెబుతుంటే తండ్రి బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తాడు. కొందరు ఏడుస్తారు, కొందరు ఆ బియ్యాన్నే నోట్లో పోసుకుంటారు. పసుపు ప్రసాదం నోట్లో వేసుకుని, ఫొటో దిగి అందరూ ఇంటిదారి పడతారు.

ఆ పూట ఎట్లా జరగాలో అందరికీ తెలుసు. తెల్లారి ఏం చెయ్యాలన్నదే ఎవరూ చెప్పరు. కొన్ని ఇళ్లలో ఆ పలక దేవుడి అరలోకి ఎక్కి, బడిలో చేర్చే రోజు దాకా దిగదు. ఇంకొన్ని ఇళ్లలో తెల్లారి నుంచే ‘రాయి బిడ్డా, ఇంకో పేజీ’ అనే పోరు మొదలవుతుంది. మూడేళ్ల పిల్లవాడు పుస్తకం నిండా ‘అ’లు నింపాలి, నింపకపోతే పక్కింటి పోరడితో పోలిక. పిల్లల అభివృద్ధి గురించి తెలిసిన సంగతులు చూస్తే ఈ రెండు దారులూ పొరపాటే. అక్షరం కంటే ముందు చెయ్యి తయారు కావాలి. చెయ్యి తయారవుతుండగానే చెప్పుకోవడానికి ఒక మాట కూడా కావాలి. ఈ రెండూ ఉత్తర తెలంగాణ ఇళ్లలో, వాకిళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే.

మూడు పిడికిళ్ల ఇసుక

బాసర స్థలపురాణం ప్రకారం వ్యాసుడు రోజూ గోదావరిలో స్నానం చేసి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి పోసి, ఆ ఇసుకతోనే అమ్మవార్ల రూపాలు మలిచాడు. చదువుల తల్లి ఇసుకలోంచి వచ్చిందని చెప్పుకునే ఈ నేల మీద, వీధి బడుల కాలంలో పిల్లల చదువూ ఇసుకలోనే మొదలయ్యేది. అరుగు మీద ఇసుక పరిచి, వేలితో ఓనమాలు దిద్దించేవారు.

కాగితం దొరకని రోజుల సర్దుబాటు అని ఇప్పుడు తీసిపారేస్తాం. అందులో గట్టి లెక్కే ఉంది. ఇసుక వేలికి ఎదురు చెబుతుంది. ఎటు తిప్పితే గీత ఎటు పోతోందో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. బలపం పట్టుకోవడమనే రెండో బరువు ఉండదు. తప్పు పోతే అరచేత్తో ఒక్క తుడుపు, ఎర్ర సిరా గుర్తు మిగలదు.

ఇదే ఆలోచన వేరే తోవలో ఇటలీలోనూ పుట్టింది. 1907లో రోమ్ నగరంలో పేద పిల్లల కోసం బడి తెరిచిన డాక్టర్ మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పలకలకు అంటించి, వాటి మీద పిల్లల వేళ్లు నడిపించింది. కళ్లు చూస్తుండగా, చెవి ధ్వని వింటుండగా, వేలు ఆకారాన్ని తడుముతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె మన దేశంలోనే ఉంది. 1939లో వచ్చి, మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చి, 1946లో తిరిగి వెళ్లింది. ఆమె పేరు పెట్టుకున్న బడులు ఇవాళ ప్రతి పట్టణంలో ఉన్నాయి. గరుకు అక్షరాలు, ఇసుక పళ్లాలు ఉన్నవి మాత్రం తక్కువ. పళ్లెంలో గుప్పెడు రవ్వో సన్న ఇసుకో పోసి ఇంట్లోనే ఆ పని మొదలుపెట్టవచ్చు, రూపాయి ఖర్చు లేదు.

మణికట్టు తొందరపడదు

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. బిడ్డ పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి మాత్రమే. నెలల వయసు నుంచి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. అన్నింటికంటే ఆలస్యమైనది గట్టిపడటం మొదలయ్యేసరికి ఎనిమిదేళ్లు దాటవచ్చు. దాంతో పాటు భుజం నిలకడ, వేళ్ల కండరాలు, కంటికీ చేతికీ పొత్తు కుదరాలి. ఇవన్నీ మన ఒత్తిడితో ముందుకు రావు, వయసుతో, వాడకంతో వస్తాయి.

బలపం పట్టులోనూ ఒక వరుస ఉంది. ఏడాదిన్నర పిల్లవాడు దాన్ని రోకలి పట్టినట్టు పిడికిలితో పట్టి భుజం నుంచి గీస్తాడు. రెండు మూడేళ్లకు వేళ్లు కిందికి దిగుతాయి, కదలిక మోచేతి నుంచి వస్తుంది. మూడున్నర, నాలుగేళ్లకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పట్టుకుంటాయి కానీ మణికట్టు బిగుసుకునే ఉంటుంది. అయిదారేళ్లకు గానీ ఆ మూడు వేళ్లే కదిలి అక్షరం తిప్పే స్థితి రాదు.

గీతలకూ ఇలాంటి వరుసే. సాధారణంగా రెండేళ్లకు నిలువు గీత చూసి గీస్తారు. ఆ తర్వాత అడ్డగీత వస్తుంది. మూడేళ్లకు సున్న మూసుకుంటుంది. నాలుగేళ్లకు కూడిక గుర్తు, నాలుగున్నరకు చతురస్రం, అయిదేళ్లకు త్రిభుజం. ఇప్పుడు మన ‘అ’ను చూడండి. ఒక వంపు తిరిగి, మళ్లీ వెనక్కి మళ్లి, లోపల మెలిక పడాలి. సున్న మూయడమే రాని చేతికి మొట్టమొదట ఇచ్చే పని అది. పిల్లవాడు ‘రాస్తలేడు, మొండికేస్తుండు’ అని ఫిర్యాదు చేసేవాళ్లు ముందు ఒక సున్న గీయించి చూడాలి.

సకినాల పాఠం

సంక్రాంతి ముందు కరీంనగర్ వైపు ఏ ఇంటికి పోయినా నేల మీద తెల్లబట్ట పరిచి ఉంటుంది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, ఆడవాళ్లు చుట్టూ కూర్చుని సకినాలు చుడుతుంటారు. పిండి ముద్ద అరచేతిలో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి దాన్ని మెలితిప్పుతూ వదులుతుంటే సన్నటి తాడులా దిగి, చుట్టు మీద చుట్టు పడుతుంది. రాతకు కావలసిన మూడు వేళ్లు అవే. కావలసిన కదలికా అదే. వేళ్లు చిన్నగా కదలాలి, మణికట్టు తేలిగ్గా తిరగాలి, ఒత్తిడి ఎక్కువా తక్కువా కాకూడదు.

బట్ట మూలన నాలుగేళ్ల బిడ్డకు నిమ్మకాయంత ముద్ద ఇచ్చి కూర్చోబెడితే సకినం తెగుతుంది, వంకర పోతుంది. పోనివ్వండి. అమ్మమ్మ ‘నీది కూడా గోలిద్దాం’ అంటే చాలు, ఇంకోటి చుడతాడు.

ఏడాది పొడుగునా ఇలాంటి పనులు ఇంట్లోనే ఉన్నాయి. సర్వపిండి గిన్నెకు ఒత్తాక వేలితో బొక్కలు పెట్టడం పిల్లల పనే. మక్క కంకి వొలవడం, పల్లికాయ చిదమడం, చింతగింజలు ఒక్కొక్కటిగా డబ్బాలో వేయడం వేళ్ల కొసలకు బలమిస్తాయి. బతుకమ్మకు గునుగు, తంగేడు పూలు తెంపి, కాడలు సమం చేసి వరుస పేర్చడంలో పొందిక నేర్చుకుంటారు. ముగ్గు పిండిని చిటికెతో పట్టి చుక్క నుంచి చుక్కకు గీత నడిపించడం నేరుగా రాతకు అక్కే. ఆడపిల్లలకే అప్పజెప్పే ఆ పనిని మగపిల్లలకూ ఇవ్వాలి. గోటీలు వేళ్ల గురి నేర్పుతాయి, బొంగరం మణికట్టును తిప్పుతుంది, చిర్రగోనె భుజానికి నిలకడ ఇస్తుంది. భుజం నిలవకపోతే చెయ్యి నిలవదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్లలో తల్లులు బీడీలు చుడతారు. తునికాకును కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించే ఆ వేళ్ల నేర్పు చూసి పిల్లలూ చెయ్యి పెట్టబోతారు. ఆకు, తంబాకు వాళ్ల దరిదాపుకు రానివ్వకూడదు. పక్కన ఒక పాత పేపరు, మొనలేని చిన్న కత్తెర ఇస్తే చాలు. గీత వెంట కత్తెర నడపగలిగిన బిడ్డ గీత వెంట బలపమూ నడపగలుగుతాడు.

వర్ణమాల వరుస వేరు, చేతి వరుస వేరు

తెలుగు రాత గుండ్రాల రాత. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో సగం నిటారు గీతలు. మనకు అన్నీ వంపులే, పైన తలకట్టు, కింద ఒత్తు. ముప్పయ్యారు హల్లులకు పన్నెండేసి గుణింతాలు లెక్క వేసుకున్నా నాలుగు వందల పైచిలుకు రూపాలు. విడివిడిగా బట్టీ పట్టిస్తే అది కొండే. ఆకారాల కుటుంబాలుగా చూపిస్తే పని తేలికవుతుంది.

వర్ణమాల ధ్వనిని బట్టి పేర్చినది. నోట చెప్పించడానికి ఆ వరుస బాగుంటుంది. చేతికి మాత్రం సున్నతో మొదలయ్యే వరుస కావాలి. సున్న వచ్చాక ర, ఠ. ద వచ్చాక ధ, థ. ప వచ్చాక ఫ, ష. వ వచ్చాక మ. బ తర్వాత భ, చ తర్వాత ఛ, డ తర్వాత ఢ. నాలుగైదు అక్షరాలు రాగానే వాటితో పలికే చిన్న మాటలు రాయించాలి. మ–య, ఎ–ఏ, ఒ–ఓ లాంటి జంటలు పిల్లల్ని తికమక పెడతాయి కాబట్టి ఒకటి స్థిరపడ్డాకే రెండోది చూపించాలి.

నేర్పేవాళ్లు బిడ్డకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే మన కుడి వాళ్లకు ఎడమవుతుంది, వంపు తిరగబడుతుంది. గీత ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో నోటితో చెబుతూ నెమ్మదిగా చూపాలి. మొదట్లో తప్పు దారిన అలవాటైన గీతను తర్వాత మళ్లించడం కష్టం.

ఉత్తర తెలంగాణ పిల్లల ముందు ఇంకో చిక్కుంది. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఆదిలాబాద్ సరిహద్దు ఊళ్లలో మరాఠీ మీడియం బడులున్నాయి. కరీంనగర్, నిర్మల్ పట్టణాల్లో ఎందరో పిల్లలు ఇంట్లో ఉర్దూ చూస్తారు, అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఒకే నెలలో రెండు లిపుల చేతిరాత మీద పడేయకుండా, ఒకదానిలో చెయ్యి కుదిరాక రెండోది ఎత్తుకోవడం మంచిది. అట్లా ఒక్కొక్కటిగా వస్తే ఎన్ని లిపులైనా బరువు కాదు. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలోనే చదువుకుని, ‘విశ్వంభర’తో 1988 సంవత్సరపు జ్ఞానపీఠం తెలుగుకు తెచ్చాడు.

దిద్దుడు ఎంతవరకు?

పలక మీద టీచరు రాసిచ్చిన అక్షరం మీద పదేపదే దిద్దడం మన పాత పద్ధతి. ఇప్పటి చుక్కల కాపీ పుస్తకాలు దాని కొత్త రూపం. దీని మీద 2012లో ఒక అధ్యయనం వెలువడింది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో అక్షరాలను మూడు రకాలుగా నేర్పించారు. కొన్నింటిని చూసి సొంతంగా రాయించారు, కొన్నింటి మీద దిద్దించారు, కొన్నింటిని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత స్కానింగ్ యంత్రంలో ఆ అక్షరాలు చూపించి మెదడును గమనించారు. పెద్దవాళ్లు చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు, పిల్లలు సొంతంగా రాసిన అక్షరాలకు చురుగ్గా స్పందించాయి. దిద్దినవాటికి, నొక్కినవాటికి అలా స్పందించలేదు.

కారణం ఆలోచించదగ్గది. సొంతంగా రాస్తే ప్రతిసారీ అక్షరం కొంచెం వేరుగా వస్తుంది. ఒకటి లావు, ఒకటి వంకర, ఒకటి సగం. అన్నీ ‘ర’లే. ఇన్ని వంకరల్లోనూ ఒక ‘ర’ను గుర్తుపట్టడమే చదవడానికి పునాది. పిల్లవాడి వంకర రాతను మనం లోపంగా చూస్తున్నాం, వాడి మెదడు దాంతోనే నేర్చుకుంటోంది.

దిద్దుడు పనికిరాదని దీని అర్థం కాదు. గీత దారి చూపడానికి అయిదారుసార్లు దిద్దించవచ్చు. తర్వాత అక్షరాన్ని తుడిచేసి ‘ఇప్పుడు నువ్వు రాయి’ అనాలి. ఫోన్ తెర మీద వేలితో దిద్దించే యాప్‌లకూ ఇదే మాట. నున్నటి అద్దం వేలికి ఎదురు చెప్పదు.

కురిక్యాల బండ, గుంజాల ప్రతులు

చెయ్యి ఒక సగం. రెండో సగం, రాయడానికి ఒక కారణం.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దంలో జినవల్లభుడు ఆ బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు మనకు దొరికిన అతి పాతవాటిలో ఉన్నాయి. తెలుగు ప్రాచీన భాష అని వాదించేటప్పుడు ఆ బండను సాక్ష్యంగా చూపుతారు. ఆయన రాయించింది ఎవరి గురించి? కన్నడ ఆదికవి అయిన తన అన్న పంపని గురించి. తమ్ముడికి అన్న గురించి నలుగురికీ చెప్పుకోవాలనిపించింది, బండ మీదికి అక్షరం ఎక్కింది.

చిన్నపిల్లల తొలి రాతా అట్లాగే మొదలవుతుంది. న్యూజిలాండ్ పరిశోధకురాలు మేరీ క్లే 1970ల్లోనే పిల్లల పిచ్చిగీతల్ని జాగ్రత్తగా చదివి, అవి రాతకు ముందటి అల్లరి కావనీ, రాతలో మొదటి మెట్టనీ చూపించింది. అదే దేశంలో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్, ‘ఇవాళ నీకే మాట కావాలి?’ అని ఒక్కో బిడ్డను అడిగి, ఆ మాటనే అట్ట మీద రాసి చేతికిచ్చేది. ఆ అనుభవాలతో 1963లో వచ్చిన ఆమె పుస్తకం ‘టీచర్’. తమకు ప్రేమో భయమో ఉన్న మాటను పిల్లలు ఒక్కసారికే పట్టుకుంటారని ఆమె గమనించింది.

ఆదిలాబాద్ అడవి ఊళ్లకు ఇది ఇంకా దగ్గరి సంగతి. ఇంట్లో గోండి, కొలామీ మాట్లాడే బిడ్డకు బడిలో అక్షరమూ కొత్తదే, ఆ అక్షరం పలికే మాటా కొత్తదే. ఆ రెండు బరువులూ ఒకేసారి పెట్టకూడదని హైమెండార్ఫ్ 1940ల్లోనే గుర్తించాడు. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు చూడమని పంపిన మానవ శాస్త్రవేత్త ఆయన. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం నడిపి, నాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించాడు. తర్వాతి కాలంలో నార్నూర్ మండలం గుంజాలలో గోండులు తరతరాలుగా దాచుకున్న సొంత లిపి రాతప్రతులు ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు కృషితో లోకానికి తెలిశాయి. అప్పటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దవాళ్లే. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇప్పుడు ఆ లిపిని కంప్యూటర్‌లోనూ రాయవచ్చు.

ఏ లిపిలో నేర్పినా తొలి మాటలు బిడ్డవే కావాలి. అవ్వ, తాత, ఎడ్లు, బర్రె, తన పేరు. ‘అ’ అంటే అరటిపండు అని పుస్తకం చెబుతుంది. బిడ్డకు మాత్రం ‘అ’ అంటే అవ్వ.

ఎడమ చేతి వాటం

పదిమందిలో దాదాపు ఒకరు ఎడమ చేతివాటంగా పుడతారు. ‘ఎడమ చేత్తో సరస్వతిని ముట్టుకుంటారా’ అని చేతి మీద కొట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. చేతివాటం మెదడులో ఏర్పడేది. బలవంతంగా మారిస్తే రాత నెమ్మదిస్తుంది, బడి అంటే విసుగు పుడుతుంది. ఎడమ చేతి బిడ్డ పలక మీద ఎడమ నుంచి కుడికి రాస్తుంటే వెనక వచ్చే చెయ్యి రాసినదాన్ని తుడిచేస్తుంది. బలపాన్ని మొన నుంచి కాస్త పైకి పట్టించి, కాగితాన్ని పైఅంచు కుడికి వాలేలా పెడితే ఆ తిప్పలు తగ్గుతాయి. బల్ల మీద ఎడమ వైపు కూర్చోబెడితే పక్కవాడి మోచెయ్యి తగలదు.

వయసును బట్టి ఇంట్లో

రెండు మూడేళ్లు: ఇసుక, పిండి, మట్టి ముద్ద. గోడకు ఆనించిన పెద్ద పలక, లావు సుద్దముక్క. గీసినదాన్ని ‘ఇదేందో చెప్పు’ అని అడగడం, అంతే.

మూడు నాలుగేళ్లు: సున్నలు, నిలువు అడ్డ గీతలు, ముగ్గు చుక్కలు, పూసలు గుచ్చడం. బలపం పొట్టి ముక్కగా విరిచి ఇస్తే పిడికిలికి అందదు, మూడు వేళ్లే పట్టుకుంటాయి.

నాలుగు అయిదేళ్లు: తన పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు. ఆకార కుటుంబాలుగా అక్షరాలు. రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు, చెయ్యి నొచ్చేలోపు ఆపాలి.

అయిదు ఆరేళ్లు: చిన్న మాటలు, అంగడి సామాన్ల చిట్టీ, బొమ్మ కింద ఒక వాక్యం. గుణింతం తప్పుపోయినా ముందు చదివించుకుని, తర్వాత ఒక్కటంటే ఒక్కటే సరిచేయాలి.

కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాలి, కింద కూర్చుంటే ఒడిలోకి వంగకుండా ముందు పీట ఉండాలి. ఏడేళ్లు వచ్చినా రాత అంటే ఏడుపు, చెయ్యి నొప్పి, అక్షరాల తారుమారు తగ్గకపోతే సోమరితనమని కొట్టకండి. ముందు కళ్లు చూపించండి. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లుంటారు. రాయడంలో ఇబ్బందిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

బడిని ఏం అడగాలి?

కాగితం మీద ప్రభుత్వ విధానం బాగానే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూసి, ఆటతో నేర్పమంది. రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న ప్రాథమిక తరగతుల కోసం ‘తొలిమెట్టు’ మొదలైంది. చదవడం, రాయడం, లెక్క అన్న పునాదుల కోసమే అది. 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీల్లో మూడేళ్ల పిల్లలకు కాపీ పుస్తకాల హోంవర్కు ఉండదు. ఆటపాటలు, మట్టిబొమ్మలు ఉంటాయి.

విచిత్రం ఏమిటంటే, ‘అక్కడ ఏం చెప్తలేరు, ఉత్త ఆటలే’ అని తల్లిదండ్రులు అదే కారణంతో పిల్లల్ని తీసి ఎల్‌కేజీలో వేస్తున్నారు. ఫీజు కట్టినందుకు రుజువుగా నిండిన నోట్‌బుక్ అడుగుతున్నారు. బడులు నింపించి చూపిస్తున్నాయి. కలుపుడు రాతలో ఇంగ్లిష్ పేజీలు రాసే నాలుగేళ్ల బిడ్డ తన పేరు తెలుగులో సొంతంగా రాయలేకపోవచ్చు. ఆ పేజీలు ఎవరి కోసం రాసినవో తెలుస్తూనే ఉంది. ఇందులో బడి తప్పు సగమే. మిగతా సగం మనం అడిగినదాంట్లో ఉంది.

కాబట్టి వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడిగేది మార్చి చూద్దాం. ఎన్ని పేజీలు రాసిందని అడగొద్దు. ఈ నెలలో మా బిడ్డ చూడకుండా సొంతంగా రాసిన మాటలేవి, వాటిని తనే చదివి చెప్పిందా అని అడుగుదాం. మట్టి, కత్తెర, ఇసుక పళ్లెం తరగతిలో ఉన్నాయా అని అడుగుదాం. నలుగురు తల్లులు ఇదే అడిగితే బడికి నోట్‌బుక్‌లు నింపించే అవసరం తగ్గుతుంది, టీచరుకు పిల్లల పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది.